లాంగ్ ఆర్మ్ సస్పెన్షన్: ఎవరికి, ఎందుకు, ఎంతవరకు?

జీప్ రాంగ్లర్‌ను రాళ్ల దారుల కోసం కొనుక్కున్నవాళ్ల చూపు మొదట పెద్ద టైర్ల మీద పడుతుంది. పెద్ద టైర్లకు ఫెండర్ల కింద చోటు చాలదు కాబట్టి బండి ఎత్తు పెంచాలి. ఎత్తు పెరిగాక అప్పటిదాకా మెత్తగా నడిచిన బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది. స్టీరింగ్ నిలకడ తప్పుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకుతుంది. అప్పుడు తెలిసినవాళ్లెవరో ఒకరు చెబుతారు: "లాంగ్ ఆర్మ్ వేయించు, అన్నీ సర్దుకుంటాయి."

ఆ సలహాలో నిజం ఉంది. అయితే దాని వెనక వేల డాలర్ల ఖర్చుంది, ఛాసిస్ మీది పాత బిగింపులను కోసి కొత్తవి వెల్డింగ్ చేసే పని ఉంది. ఒకసారి కోశాక బండిని మళ్లీ పాత స్థితికి తేవడం చాలా కష్టం. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో రాంగ్లర్ కొనుక్కుని వారాంతాల్లో కొండదారులు పట్టే తెలుగువాళ్లకైనా, ఇక్కడ జిమ్నీ నడిపేవాళ్లకైనా ఈ నిర్ణయం తీసుకునే ముందు మొత్తం లెక్క తెలిసుండాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆర్మ్, అంటే యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే కడ్డీ, దాని పొడవు రెండో ప్రశ్న. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ ఆర్మ్ ఎంత వాలి ఉందన్నదే మొదటి ప్రశ్న. వాలును సరిచేసే దారులు ఒకటికి మించి ఉన్నాయి. వాటిలో లాంగ్ ఆర్మ్ సమగ్రమైనది, అన్నిటికంటే ఖరీదైనది. నిజంగా అవసరమైన బండ్లు మాత్రం మనం అనుకునేదానికంటే తక్కువ.

సమస్య ఎక్కడ మొదలైంది

1941 నాటి విల్లిస్ జీపు నుంచి 1995 దాకా వచ్చిన వైజే రాంగ్లర్ వరకు ఆ వరుస జీపులు కమాన్ కట్టల మీదే నడిచాయి. కమాన్ కట్ట బరువు మోస్తుంది, యాక్సిల్‌ను దాని చోట నిలబెడుతుంది కూడా. కాయిల్ స్ప్రింగ్ బరువు మాత్రమే మోస్తుంది. యాక్సిల్ ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరగకుండా, గుండ్రంగా తిరగకుండా పట్టుకోవడానికి వేరే కడ్డీలు కావాలి. అవే కంట్రోల్ ఆర్మ్‌లు. 1984లో వచ్చిన ఎక్స్‌జే చెరోకీ ముందు యాక్సిల్‌కు కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, వెనక కమాన్ కట్టలే ఉన్నాయి. 1997 మోడల్ టీజే రాంగ్లర్‌తో ముందూ వెనకా కాయిల్సే అయ్యాయి. ఒక్కో యాక్సిల్‌కు కింద రెండు, పైన రెండు ఆర్మ్‌లు, పక్కకు జరగకుండా అడ్డంగా ఒక ట్రాక్ బార్.

టీజే ముందు వైపు కింది ఆర్మ్ సుమారు 16 అంగుళాలు. కంపెనీ ఇచ్చిన ఎత్తులో అది చక్కగా పనిచేస్తుంది. కానీ కొన్నవాళ్లు కంపెనీ ఎత్తు దగ్గర ఆగలేదు. 1953 నుంచి జీపర్స్ జాంబోరీ సాగుతున్న కాలిఫోర్నియా రూబికాన్ ట్రెయిల్‌కు, 1967 నుంచి ఈస్టర్ జీప్ సఫారీ జరుగుతున్న యూటా రాష్ట్రపు మోయాబ్‌కు 33, 35 అంగుళాల టైర్లతో వెళ్లడం మొదలైంది. అంత ఎత్తులో పొట్టి ఆర్మ్‌లు నిటారుగా కిందికి వాలాయి. వాటి ఛాసిస్ వైపు బిగింపును బండి నడుమ దాకా వెనక్కి జరిపి, ఆర్మ్‌ను 30 అంగుళాలు దాటించడమే లాంగ్ ఆర్మ్.

వాలు లెక్క

ఆర్మ్ ఒక కొసన ఛాసిస్‌కు, రెండో కొసన యాక్సిల్‌కు బిగించి ఉంటుంది. బందుల మీద తిరిగే తలుపు అంచులాగే యాక్సిల్ కూడా నిట్టనిలువుగా కదలదు, ఒక వలయంలో కదులుతుంది. ఆ వలయం ఎంత చిన్నదైతే యాక్సిల్ పైకీ కిందికీ కదిలేటప్పుడు ముందు వెనకలకు అంత ఎక్కువ జరుగుతుంది.

లెక్క తేలిక కోసం 16 అంగుళాల ఆర్మ్ మొదట నేలకు సమాంతరంగా ఉందనుకుందాం. బండిని 4 అంగుళాలు ఎత్తితే ఆర్మ్ 14.5 డిగ్రీలు వాలుతుంది, యాక్సిల్ ఛాసిస్ బిగింపు వైపు అర అంగుళం జరుగుతుంది. ఇప్పుడు చక్రం ఒక గుంతలోకి మరో 4 అంగుళాలు దిగితే వాలు 30 డిగ్రీలకు చేరుతుంది, జరిగిన దూరం మొత్తం 2 అంగుళాలు దాటుతుంది. అదే 32 అంగుళాల ఆర్మ్ అయితే 4 అంగుళాల ఎత్తులో వాలు 7 డిగ్రీలే, జరిగేది పావు అంగుళమే. గుంతలోకి దిగినప్పుడు కూడా వాలు 14.5 డిగ్రీలు, జరిగిన దూరం అంగుళం. అంటే పొట్టి ఆర్మ్ బండి ఊరికే నిలబడినప్పుడు ఎంత వాలుతుందో, పొడుగు ఆర్మ్ చక్రం గుంతలో వేలాడేటప్పుడు అంత వాలుతుంది. లాంగ్ ఆర్మ్ వాదనంతా ఈ నాలుగు అంకెల్లోనే ఉంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పొడవును కొద్దిగా సర్దుకోగల అడ్జస్టబుల్ షార్ట్ ఆర్మ్‌లు మార్కెట్లో దొరుకుతాయి. అవి యాక్సిల్ జరిగిన అర అంగుళాన్ని వెనక్కి తెస్తాయి, స్టీరింగ్ నిలకడకు కీలకమైన కాస్టర్ కోణాన్ని సరిచేస్తాయి. వాలు మాత్రం అలాగే ఉంటుంది.

తారు రోడ్డు మీద, రాళ్ల మీద

వాలు తగ్గితే మొదట తెలిసేది ప్రయాణంలో మెత్తదనం. ముందు ఆర్మ్‌ల ఛాసిస్ బిగింపు యాక్సిల్‌కు వెనక వైపు ఉంటుంది. ఆర్మ్ బాగా వాలి ఉంటే, స్పీడ్ బ్రేకర్ తగిలి చక్రం పైకి లేచేటప్పుడు యాక్సిల్ ముందుకు, అంటే ఆ దెబ్బకే ఎదురు కదలాలి. అందుకే ఎత్తు పెంచిన షార్ట్ ఆర్మ్ బండిలో చిన్న గతుకు కూడా చేతులకు దెబ్బలా తెలుస్తుంది. స్ప్రింగులు మార్చినా, షాక్ అబ్జార్బర్లు మార్చినా ఈ దెబ్బ పూర్తిగా పోదు. కారణం ఆర్మ్ కోణంలో ఉంది.

రెండోది ఎత్తు ఎక్కేటప్పుడు పట్టు. వెనక పై ఆర్మ్‌లు, కింది ఆర్మ్‌ల గీతలను పక్క నుంచి చూసి ముందుకు పొడిగిస్తే ఒక చోట కలుస్తాయి. ఇంజిన్ బలం బండి శరీరాన్ని ఎంత పైకి నెడుతుందో ఆ బిందువు చెబుతుంది. దీన్నే యాంటీ స్క్వాట్ అంటారు. ఎత్తు పెంచిన షార్ట్ ఆర్మ్ బండిలో ఇది శ్రుతి మించుతుంది. నిటారు ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కగానే వెనక భాగం పైకి లేస్తుంది, టైర్లు పట్టు తప్పి గెంతుతాయి. ఆ గెంతుల్లోనే యాక్సిల్ షాఫ్టులు విరుగుతుంటాయి. పొడుగు ఆర్మ్‌లు ఈ యాంటీ స్క్వాట్‌ను అదుపులోకి తెస్తాయి. అయితే అది పొడవు ఒక్కదానివల్ల రాదు. పై ఆర్మ్‌కు, కింది ఆర్మ్‌కు మధ్య ఉంచిన ఎడం కూడా కుదరాలి. బిగింపులు సరైన చోట లేని లాంగ్ ఆర్మ్ కిట్ కంటే బాగా ఆలోచించి కట్టిన పొట్టి కిట్ నయం.

మూడోది చక్రాల ఒదుగుడు. ఒక చక్రం బండ మీదికెక్కి, రెండోది పల్లంలోకి దిగినప్పుడు పొట్టి ఆర్మ్‌లతో ఒక కొస ముందుకు, రెండో కొస వెనక్కి జరిగి యాక్సిల్ వంకరగా తిరుగుతుంది. డ్రైవర్ స్టీరింగ్ తిప్పకపోయినా బండి దారి మారుస్తుంది. ఆర్మ్ పొడవు పెరిగితే ఈ వంకర తగ్గుతుంది, బుష్‌ల మీద మెలి కూడా తగ్గుతుంది.

చెల్లించేది డబ్బొక్కటే కాదు

పొడుగు ఆర్మ్ ముందు టైరు వెనక నుంచి బండి నడుమ దాకా సాగుతుంది. బండ దాటేటప్పుడు రాయి సరిగ్గా అక్కడే తగులుతుంది. రూబికాన్ లాంటి దారిలో ఆర్మ్‌లు రాళ్ల మీద రాసుకుంటూ పోవడం మామూలే. బలం సంగతి కూడా చూడాలి. రెండు కొసల మధ్య అదే బరువు నడిమిన పడితే, రెట్టింపు పొడవున్న గొట్టం మీద వంచే ఒత్తిడి రెట్టింపవుతుంది. కొసల నుంచి నొక్కినప్పుడు వంగకుండా తట్టుకునే బలం అదే గొట్టానికి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే లాంగ్ ఆర్మ్‌కు మామూలు గొట్టం పనికిరాదు. కింది ఆర్మ్‌లకు 2 అంగుళాల వ్యాసం, పావు అంగుళం మందం ఉన్న డీవోఎం ఉక్కు గొట్టం వాడటం పరిపాటి. కొందరు క్రోమోలీ ఉక్కు, 7075 అల్యూమినియం వాడతారు. ఇంత మందమంటే బరువూ పెరుగుతుంది.

ఛాసిస్ సంగతి మరీ ముఖ్యం. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన టీజేల ఛాసిస్ లోపలి నుంచి తుప్పు పడుతుంది, ముఖ్యంగా వెనక కింది ఆర్మ్‌ల బిగింపుల దగ్గర. పైకి రంగు బాగానే కనిపిస్తుంది. చిన్న సుత్తితో తడుతూ పోతే గట్టి ఉక్కు దగ్గర ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట శబ్దం బొంగురుపోతుంది, ఒక్కోసారి సుత్తి మొన లోపలికే దిగుతుంది. అలాంటి ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్ వెల్డింగ్ చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ముందు ఆ ముక్క కోసి, కొత్త రేకు వేసి బలపరచాలి. కిట్ ధర అడిగే ముందు ఛాసిస్ పరీక్ష చేయించండి. ఈ వ్యాసంలో ఒకే ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

లాంగ్ ఆర్మ్ నయం చేయని జబ్బులు కూడా ఉన్నాయి. వేగంలో ముందు చక్రాలు భయంకరంగా ఊగిపోయే డెత్ వాబుల్‌కు ఎక్కువసార్లు కారణాలు అరిగిన ట్రాక్ బార్ బుష్, వదులైన టై రాడ్ కొసలు, తప్పిన కాస్టర్, బ్యాలెన్స్ లేని టైర్లు. ఆర్మ్ మార్చినంత మాత్రాన అవి పోవు. గతుకులో స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే ట్రాక్ బార్, డ్రాగ్ లింక్ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో చూడాలి. టీజే వీల్‌బేస్ 93.4 అంగుళాలే కాబట్టి దాని వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ చాలా పొట్టిది. 4 అంగుళాలు ఎత్తితే దాని కోణం నిటారుగా మారుతుంది. దానికి మందు స్లిప్ యోక్ తీసేసి డబుల్ కార్డన్ షాఫ్ట్ వేయడమే. కొన్ని కిట్లు బండి కడుపు కింది రక్షణ పలకను పైకి జరుపుతాయి. దానితో ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా పైకి జరిగి షాఫ్ట్ కోణం ఇంకా పెరుగుతుంది.

ఎన్ని ఆర్మ్‌లు, ఎలాంటి అమరిక

కిట్ల మధ్య అసలు తేడా అమరికలో ఉంటుంది. నాలుగు ఆర్మ్‌లు, ట్రాక్ బార్ ఉన్నది కంపెనీ పద్ధతికి దగ్గరిది. రోడ్డు మీద నమ్మకంగా ఉంటుంది. ముందు యాక్సిల్‌కు రెండు కింది ఆర్మ్‌లు, ఒకే పై ఆర్మ్, ట్రాక్ బార్ ఉంటే త్రీ లింక్. మెలి తక్కువ, ఒదుగుడు ఎక్కువ, ఎగ్జాస్ట్ గొట్టాలకు చోటు మిగులుతుంది. కానీ యాక్సిల్ మెలి మొత్తం ఆ ఒక్క పై ఆర్మే మోయాలి కాబట్టి దాని జాయింటు, బిగింపు రాజీలేకుండా ఉండాలి.

రేడియస్ ఆర్మ్‌లో పై ఆర్మ్ ఛాసిస్ దాకా రాదు, కింది ఆర్మ్‌కే కలుస్తుంది. 1966 నాటి ఫోర్డ్ బ్రాంకో, 1970 నాటి రేంజ్ రోవర్, టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్, సుజుకి జిమ్నీ అన్నిటి ముందు యాక్సిల్ ఈ కుటుంబానిదే. బిగించడం సులువు, ఛాసిస్ మీద బిగింపులు తక్కువ, రోడ్డు మీద స్థిరత్వం బాగుంటుంది. కానీ రెండు చక్రాలు ఎదురెదురు దిశల్లో కదిలేటప్పుడు యాక్సిల్‌నే మెలిపెట్టడానికి చూస్తుంది. ఆ మెలిని బుష్‌లు భరించాలి, ఒదుగుడు ఒక హద్దులో ఆగుతుంది. తక్కువ ధర లాంగ్ ఆర్మ్ కిట్లలో ఈ పద్ధతి ఎక్కువగా కనిపించేది దాని సులువు వల్లే.

వెనక యాక్సిల్‌కు పై ఆర్మ్‌లను త్రికోణంలా లోపలికి వంచి బిగిస్తే ట్రాక్ బార్ అక్కర్లేదు. యాక్సిల్ పక్కకు జరగకుండా నేరుగా పైకీ కిందికీ కదులుతుంది. రాళ్ల బండ్లకు ఇది ఉత్తమం. అయితే పెట్రోల్ ట్యాంకు, ఎగ్జాస్ట్ అడ్డొస్తాయి, పని పెరుగుతుంది.

జాయింట్ల విషయంలో రబ్బరు బుష్ చప్పుడు చేయదు, దెబ్బను మింగుతుంది, మెలి ఎక్కువైతే చిరుగుతుంది. లోహపు హీమ్ జాయింట్ ఎంతైనా తిరుగుతుంది, కానీ దుమ్ములో త్వరగా అరుగుతుంది, ప్రతి దెబ్బనూ లోపలికి చేరవేస్తుంది. ఈ రెంటికీ మధ్య కర్రీ సంస్థ తెచ్చిన జానీ జాయింట్ లాంటివి ఉన్నాయి. లోపల గోళం, చుట్టూ గట్టి పాలియురెథేన్, గ్రీజు పెట్టుకునే వీలు, విప్పి మళ్లీ కట్టుకునే వీలు. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే బండికి ఒక కొసన రబ్బరు, రెండో కొసన ఇలాంటి జాయింటు పెట్టడం మంచి సమన్వయం. విడి భాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో కొనే ముందే అడగాలి.

మధ్య దారులు

ఆర్మ్ పొడవు పెంచకుండా, ఛాసిస్ వైపు కొసను కిందికి దింపినా వాలు తగ్గుతుంది. ఆ పనిచేసేవే డ్రాప్ బ్రాకెట్లు. అమెరికన్ ఎక్స్‌పెడిషన్ వెహికల్స్ సంస్థ ఈ పద్ధతిని తన రాంగ్లర్ కిట్లలో ముందు ఆర్మ్‌లకు వాడింది. బోల్టులతో బిగిస్తారు, ఖర్చు లాంగ్ ఆర్మ్‌లో చిన్న వంతు, కావాలంటే విప్పేయొచ్చు. రోడ్డు మీద మెత్తదనం, బ్రేకు వేసినప్పటి నిలకడ చాలావరకు తిరిగొస్తాయి. నష్టమేమిటంటే బ్రాకెట్ ఛాసిస్ కిందికి వేలాడి రాళ్లకు తగులుతుంది. మట్టిదారులు, ఇసుక, దూర ప్రయాణాలు చేసేవాళ్లకు ఆ నష్టం లెక్కలోకి రాదు. పెద్ద బండల మీదికి రోజూ వెళ్లేవాళ్లకు వస్తుంది.

రెండో దారి మిడ్ ఆర్మ్. పొడవు ఓ మోస్తరుగా పెంచి, బిగింపులను కడుపు పలక పైకి దాచేలా జరుపుతారు. టీజేకు సావీ ఆఫ్‌రోడ్ చేసే కిట్ ఈ తరహాదే. ఆర్మ్‌లు రాళ్లకు తక్కువ అందుతాయి, కోణాలు బాగుంటాయి. వెల్డింగ్ పని మాత్రం లాంగ్ ఆర్మ్‌కు తీసిపోదు.

ఏ బండికి ఏది

టీజే, ఎక్స్‌జేల ఆర్మ్‌లు పొట్టివి. వీటిని 3 అంగుళాల లోపు ఎత్తితే మంచి అడ్జస్టబుల్ షార్ట్ ఆర్మ్‌లు చాలు. 4 అంగుళాలు, ఆపైన వెళ్లి 35 అంగుళాల టైర్లతో రాళ్ల దారులే లక్ష్యమైతే మిడ్ లేదా లాంగ్ ఆర్మ్ డబ్బుకు న్యాయం చేస్తుంది. 2007లో వచ్చిన జేకే, 2018 నుంచి వస్తున్న జేఎల్ రాంగ్లర్లకు కంపెనీ ఆర్మ్‌లే టీజే కంటే పొడవు. నాలుగు తలుపుల జేకే వీల్‌బేస్ 116 అంగుళాలు, కాబట్టి షాఫ్ట్ కోణం కూడా అంత నిటారుగా ఉండదు. వీటికి 2.5, 3 అంగుళాల లిఫ్ట్‌తో పాటు డ్రాప్ బ్రాకెట్లో, మంచి షార్ట్ ఆర్మ్‌లో ఎక్కువమందికి సరిపోతాయి. 37 అంగుళాల టైర్లు, 4 అంగుళాలు దాటిన ఎత్తు ఉన్నప్పుడే లాంగ్ ఆర్మ్ గురించి గట్టిగా ఆలోచించాలి.

మన దేశంలో దొరికే బండ్లలో 2020 థార్ ముందు భాగం డబుల్ విష్‌బోన్, అంటే ఇండిపెండెంట్ సస్పెన్షన్. ముందు వైపు ఈ లాంగ్ ఆర్మ్ చర్చ దానికి వర్తించదు. ముందూ వెనకా గట్టి యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు ఉన్నది జిమ్నీ. దానికి ఈ లెక్కలన్నీ వర్తిస్తాయి. అయితే చట్టం చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలిచ్చింది. ఛాసిస్‌కు వెల్డింగ్ చేసిన బండి ప్రమాదానికి గురైతే బీమా దగ్గర కూడా చిక్కులొస్తాయి. పోటీల కోసం కట్టి, ట్రక్కు మీద వేసుకుని వెళ్లే బండి వేరు. రోజూ రోడ్డెక్కే బండికి ఈ మార్పు ఇక్కడ తగదు. అమెరికాలో కూడా ఎత్తు పరిమితులు రాష్ట్రానికో తీరుగా ఉన్నాయి, కొనే ముందు తెలుసుకోవాలి.

ఏ వరుసలో నిర్ణయించాలి

మొదట టైరు. యాక్సిల్ కింద నేలకు ఎడం పెంచేది టైరొక్కటే. 31 నుంచి 35కు వెళ్తే డిఫరెన్షియల్ కింద సరిగ్గా 2 అంగుళాలు పెరుగుతాయి. లిఫ్ట్ ఎంత పెంచినా అక్కడ వెంట్రుకవాసి మారదు. రెండోది, ఆ టైరు తిరగడానికి చాలినంత లిఫ్ట్, అంతకు మించి వద్దు. ఫెండర్ కత్తిరించుకుంటే అంగుళం ఎత్తు ఆదా అవుతుంది, బరువు కేంద్రం కిందే ఉంటుంది, పక్క వాలులో ఆ అంగుళమే కాపాడుతుంది. మూడోది గేర్లు. 2003 టీజే రూబికాన్ మోడల్ 31 అంగుళాల టైర్లు, 4.1 నిష్పత్తి గేర్లతో వచ్చింది. దానికి 35 టైర్లు వేస్తే మునుపటి లాగుడు రావడానికి సుమారు 4.6 నిష్పత్తి కావాలి. నాలుగోది బ్రేకులు, స్టీరింగ్, షాక్‌ల పొడవు, బంప్ స్టాపులు, బ్రేకు గొట్టాలు. ఇవన్నీ తేలాక ఆర్మ్‌ల వంతు.

ఆ వంతు వచ్చినప్పుడు చేయాల్సింది ఒకటే. బండిని సమతలం మీద, మామూలు సామానుతో నిలబెట్టి, కోణం చూపే చిన్న పరికరాన్ని కింది ఆర్మ్ మీద పెట్టి చూడండి. 10 డిగ్రీల లోపే ఉంటే మీ డబ్బు షాక్‌లకూ టైర్లకూ పెట్టండి. 10 నుంచి 15 మధ్య ఉంటే, దారులు మట్టివైతే బ్రాకెట్లు, రాళ్లవైతే మిడ్ ఆర్మ్. 15 దాటి, ఛాసిస్ గట్టిగా ఉండి, వెల్డింగ్ చేసే మనిషి చేతిపని మీరు ముందే చూసి నమ్మినట్లయితే లాంగ్ ఆర్మ్ వేయించుకోండి. ఈ హద్దులు నేను ఆచరణ కోసం గీసుకున్నవి, బండిని బట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి. లాంగ్ ఆర్మ్‌కు చెప్పిన ఆ మూడు షరతుల్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆగడమే మంచిది. ఛాసిస్ మీది ప్రతి వెల్డింగ్ అతుకు మీదా మీ కుటుంబమే కాదు, రోడ్డు మీద మీకు ఎదురొచ్చే ప్రతి బండీ ఆధారపడి ఉంటుంది.